విదేశంలో పెళ్ళికి పిలుపొచ్చిందా? సీమ నుంచి ఏ ఎయిర్‌పోర్ట్, ఎవరి బుకింగ్, ఎక్కడ బస

ఫుకెట్‌లోనో బాలిలోనో పెళ్ళి అని వాట్సాప్‌లో కార్డు దిగిన రోజు ఇంట్లో మొదట లేచే ప్రశ్న "టికెట్ ఎంతుంది?" అని. నా లెక్కలో అది నాలుగో ప్రశ్న. దానికంటే ముందు మీ బండిలో ఎవరెవరు ఎక్కుతున్నారో తేలాలి. డెబ్బై దాటిన జేజి వస్తోందా, పాలు తాగే పిల్ల ఉందా, మోకాళ్ళ నొప్పుల పెద్దాయన ఉన్నాడా, లేక నలుగురు కుర్రాళ్ళేనా, దీన్ని బట్టే ఎయిర్‌పోర్ట్, బుకింగ్, హోటల్ అన్నీ మారిపోతాయి. టికెట్‌లో మూడు నాలుగు వేలు మిగిలిందని సంబరపడి, పెద్దవాళ్ళని అర్ధరాత్రి రెండు విమానాలు మార్పించేవాళ్ళని చూస్తే నాకు కోపమొస్తుంది.

పెళ్ళి ఎక్కడ, ఎప్పుడు అనేది మన చేతిలో లేదు. కర్నూలు, అనంతపురం, కడప నుంచి బయల్దేరేవాళ్ళ చేతిలో ఉన్నవాటి గురించే ఇక్కడ చెప్తున్నా.

## ముందు ఇవి తేల్చుకోండి

పాస్‌పోర్ట్. థాయ్‌లాండ్, ఇండోనేషియా, దుబాయ్, శ్రీలంక, ఎక్కడికైనా దిగే రోజుకి పాస్‌పోర్ట్‌లో ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. గడువు అయిపోలేదు కదా అనుకుంటే కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. పిల్లల పాస్‌పోర్ట్ అయిదేళ్ళకే అయిపోతుంది కాబట్టి పెద్దవాళ్ళవి బాగున్నా పిల్లలవి ఒకసారి తీసి చూడండి. చంటిబిడ్డకైనా వేరే పాస్‌పోర్ట్ కావాలి. కొత్తగా తీసుకోవాలంటే మూడు ఊళ్ళలోనూ పోస్టాఫీసు పాస్‌పోర్ట్ కేంద్రాలున్నాయి, అక్కడ స్లాట్ దొరక్కపోతే తిరుపతి సేవా కేంద్రం చూడొచ్చు. పెద్దలకి 36 పేజీల పుస్తకం మామూలుగా 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. పోలీస్ వెరిఫికేషన్ ఒక్కోసారి చకచకా అయిపోతుంది, ఒక్కోసారి లాగుతుంది, అందుకే కార్డు వచ్చిన వారంలోనే ఈ పని మొదలుపెట్టాలి.

పేరు. మనవాళ్ళలో చాలామందికి ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది, కొందరికి అసలు ఉండదు. టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి, ఆధార్ చూసి టైప్ చేయకండి. దుబాయ్‌కి ఇంకో మెలిక ఉంది: పాస్‌పోర్ట్‌లో పేరు ఒకే మాటగా ఉండి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే విజిట్ వీసా మీద వెళ్ళేవాళ్ళకి ఇబ్బంది, 2022 నవంబర్ నుంచి ఈ నియమం పెట్టారు. అలాంటి పాస్‌పోర్ట్ ఉన్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే టికెట్ తీసే ముందే ఎయిర్‌లైన్‌ని అడగండి.

ఈసీఆర్ ముద్ర (కొన్ని దేశాలకి ఉద్యోగానికి వెళ్ళేముందు ప్రభుత్వ క్లియరెన్స్ కావాలనే గుర్తు). పది పాస్ కాని వాళ్ళ పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ అని ఉండొచ్చు. గల్ఫ్‌కి పనికి పంపేవాళ్ళు ఎక్కువ ఉన్న కడప వైపు ఈ మాట అందరికీ తెలుసు, తెలిసినందుకే భయం కూడా ఎక్కువ. దుబాయ్, థాయ్‌లాండ్, ఇండోనేషియా మూడూ ఆ జాబితాలో ఉన్న మాట నిజమే, కానీ ఆ క్లియరెన్స్ ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి. పెళ్ళికి వెళ్ళేవాళ్ళకి అక్కర్లేదు. తిరుగు టికెట్, హోటల్ కాగితం, పెళ్ళి కార్డు ప్రింటు చేతిలో ఉంచుకుని ఇమిగ్రేషన్‌లో అడిగితే చూపించండి, చాలు.

ఎవరు దేనికి పెట్టుకుంటున్నారు. ఇది అడగడానికే మనకి మొహమాటం. చాలా పెళ్ళిళ్ళలో గది, భోజనం పెళ్ళివారివి, విమానం టికెట్ మనది. కొన్నిట్లో గది రెండు రాత్రులే, మూడో రాత్రి నుంచి మన జేబు. ఎయిర్‌పోర్ట్ నుంచి రిసార్ట్‌కి బస్సు ఎవరిది, ఏ టైముకి అనేది కూడా ఇప్పుడే అడగండి. పెళ్ళికొడుకు తండ్రిని కాదు, ఆ ఏర్పాట్లు చూస్తున్న చిన్నాయననో బావనో పట్టుకోండి, సూటిగా చెప్తారు.

ముహూర్తం ఎవరి గడియారంలో? థాయ్‌లాండ్ మనకంటే గంటన్నర ముందు, బాలి రెండున్నర గంటలు ముందు, దుబాయ్ గంటన్నర వెనక, శ్రీలంక మన టైమే. కార్డులో రాసింది అక్కడి టైమా, మన టైమా? నవ్వుకోకండి, అడిగి పెట్టుకోండి. ముహూర్తానికి ముందురోజు పొద్దునకైనా అక్కడ దిగేలా ప్లాన్ ఉండాలి.

## ఏ దేశానికి ఏం కావాలి

| | థాయ్‌లాండ్ | బాలి | దుబాయ్ | శ్రీలంక |
|---|---|---|---|---|
| వీసా | 2024 జూలైలో 60 రోజుల వరకు వీసా లేకుండా రానివ్వడం మొదలైంది | దిగాక లేదా ముందే ఆన్‌లైన్‌లో, 5 లక్షల రూపయా, 30 రోజులు | ముందే తీసుకోవాలి | ముందే ఆన్‌లైన్‌లో ఈటీఏ (ప్రయాణ అనుమతి) |
| ఇంకేం నింపాలి | డిజిటల్ అరైవల్ కార్డ్, దిగే ముందు 3 రోజుల్లోపు, ఉచితం | ఆల్ ఇండోనేషియా డిక్లరేషన్, బాలి టూరిస్ట్ లెవీ 1.5 లక్షల రూపయా | ఎయిర్‌లైన్ లేదా ఏజెంటు చేసిపెడతారు | ఈటీఏ కాగితం ప్రింటు |
| బెంగళూరు నుంచి గాల్లో | బ్యాంకాక్‌కి సుమారు 4 గంటలు | నేరుగా అయితే సుమారు 7 | సుమారు 4 | గంటన్నర చిల్లర |
| పెద్దవాళ్ళకి | ఫర్వాలేదు | కష్టం | సులువు | చాలా సులువు |

బాలి లెక్కలు చూసి బెదరకండి, ఇండోనేషియా రూపయాలో లక్షలంటే మనకి వందలు, వేలే. కానీ వీసా రుసుము వేరు, లెవీ వేరు, రెండూ మనిషికి కట్టాలి. వీసా నియమాలు ఏడాదికోసారైనా కదులుతుంటాయి, అందుకే టికెట్ తీసే వారంలో ఆ దేశపు అధికారిక సైట్ ఒకసారి తెరవండి. థాయ్‌లాండ్ అరైవల్ కార్డ్‌కి డబ్బులడిగే సైట్లు బోలెడు, అసలుదానికి పైసా కట్టక్కర్లేదు.

థాయ్‌లాండ్ అని ఊరికే అనేస్తారు కానీ ఊరు ఏదన్నది ముఖ్యం. పట్టాయా అయితే సువర్ణభూమి ఎయిర్‌పోర్ట్ నుంచి రెండు గంటల్లోపు కారు ప్రయాణం. హువాహిన్ అయితే అటు మూడు గంటలు పట్టొచ్చు. ఫుకెట్ అయితే నేరుగా అక్కడికే విమానం చూడాలి, బ్యాంకాక్‌లో మారితే అక్కడ రెండు ఎయిర్‌పోర్ట్‌లు ఉన్నాయని మర్చిపోకండి. సువర్ణభూమిలో దిగి డాన్ ముయాంగ్‌లో ఎక్కే టికెట్ చౌకగా కనిపిస్తుంది, మధ్యలో బ్యాంకాక్ ట్రాఫిక్ ఉంటుంది. వానల సంగతి కూడా వేరువేరు: ఫుకెట్‌లో మే నుంచి అక్టోబర్, సమూయ్ దీవిలో అక్టోబర్ నుంచి డిసెంబర్, బాలిలో నవంబర్ నుంచి మార్చి.

బాలికి ఇంకో విషయం. అక్కడి శక సంవత్సరాది న్యెపి రోజున ఎయిర్‌పోర్ట్ 24 గంటలు మూసేస్తారు, వీధిలోకి కూడా రానివ్వరు. 2026లో అది మన ఉగాది రోజే, మార్చి 19న పడింది. ఫాల్గుణ, చైత్రాల చుట్టుపక్కల పెళ్ళంటే ఆ ఏటి తేదీ చూసి టికెట్ తీయండి.

## ఏ ఎయిర్‌పోర్ట్ నుంచి?

అనంతపురం, ధర్మవరం, హిందూపురం వాళ్ళకి ఆలోచనే అక్కర్లేదు, బెంగళూరు. దేవనహళ్ళి ఎయిర్‌పోర్ట్ ఊరికి ఉత్తరాన, మన హైవే మీదే ఉంది. పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్ట్, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మీదుగా అనంతపురం నుంచి 190 కిలోమీటర్ల లోపు, బెంగళూరు ట్రాఫిక్‌లో కాలు పెట్టకుండానే మూడు గంటల్లో టెర్మినల్ ముందు దిగొచ్చు. అంతర్జాతీయ విమానాలు టెర్మినల్ 2 నుంచి, డ్రైవర్‌కి ముందే చెప్పండి. కాచిగూడ వందే భారత్ ఉంది కదా, కారు ఎందుకు అంటారు. అది యశ్వంతపూర్‌లో దింపుతుంది, అంటే ఎయిర్‌పోర్ట్ దాటి ఊరి నడిమికి వెళ్ళి, పెట్టెలతో మళ్ళీ వెనక్కి రావాలి. ఒంటరిగా ఒక బ్యాగుతో వెళ్ళే కుర్రాడికి ఆర్టీసీ బస్సెక్కి దేవనహళ్ళి దగ్గర దిగి ట్యాక్సీ పట్టుకోవడం దానికంటే మేలు.

కర్నూలు, నంద్యాల వాళ్ళకి హైదరాబాద్. శంషాబాద్ కూడా ఊరికి మనవైపే ఉంది, కర్నూలు నుంచి సుమారు 200 కిలోమీటర్లు, జడ్చర్ల, షాద్‌నగర్ దాటితే వచ్చేసినట్టే. బ్యాంకాక్, దుబాయ్, కొలంబోలకి ఇక్కడి నుంచి నేరుగా విమానాలున్నాయి. చిక్కంతా బాలి పెళ్ళికే. హైదరాబాద్ నుంచి బాలికి సింగపూర్‌లోనో కౌలాలంపూర్‌లోనో బ్యాంకాక్‌లోనో మారే టికెట్లే ఎక్కువ కనిపిస్తాయి, బెంగళూరు నుంచి నేరుగా దొరుకుతుంది. పెద్దవాళ్ళుంటే నేనైతే కర్నూలు నుంచి కూడా బెంగళూరుకే పొమ్మంటాను. కారులో అదనంగా రెండు గంటలు కూర్చోవడం, మధ్యలో గుత్తి దగ్గరో అనంతపురంలోనో ఆగి ఉగ్గాని, బజ్జి తినడం, తెలియని ఎయిర్‌పోర్ట్‌లో తెల్లవారుజామున గేటు వెతుక్కోవడం కన్నా ఎన్నో రెట్లు నయం.

మరి ఓర్వకల్లు? ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం 2021 మార్చిలో తెరిచారు, ఇంటి పక్కనే ఉంది, ముచ్చటగానూ ఉంటుంది. కానీ సర్వీసులు తక్కువ, అవి దేశంలోపలివే, రోజులూ మారుతుంటాయి. ఓర్వకల్లు నుంచి బెంగళూరుకి ఒక టికెట్, బెంగళూరు నుంచి బాలికి వేరే టికెట్ తీస్తే మొదటిది లేటయినప్పుడు రెండోది పోతుంది, డబ్బు ఎవరూ ఇవ్వరు. రెండూ ఒకే పీఎన్ఆర్‌లో వస్తే సరే. లేదంటే మధ్యలో అర పూటైనా ఖాళీ పెట్టుకునే ఓపిక ఉన్నవాళ్ళకే అది. కడప ఎయిర్‌పోర్ట్‌కీ ఇదే మాట.

కడప, ప్రొద్దుటూరు, రాజంపేట వాళ్ళది అసలైన తలనొప్పి. చెన్నై, బెంగళూరు రెండూ దాదాపు సమాన దూరం, 250, 260 కిలోమీటర్లు. హైదరాబాద్ నాలుగు వందలు దాటుతుంది, అది వదిలేయండి.

చెన్నైకి రైలు ఉంది, ముంబై లైను కాబట్టి బళ్ళు బాగానే ఉంటాయి. సెంట్రల్‌లో దిగితే మెట్రో నేరుగా ఎయిర్‌పోర్ట్ దాకా వెళ్తుంది, ఇది బెంగళూరుకి లేని సౌకర్యం. కొలంబోకి, సింగపూర్‌కి, బ్యాంకాక్‌కి చెన్నై బాగుంటుంది. కారులో అయితే రాజంపేట, కోడూరు, రేణిగుంట, పుత్తూరు మీదుగా వెళ్ళాక, మీనంబాక్కం ఊరికి అవతలి వైపున ఉంటుంది, ఆ ఊరు దాటే టైము లెక్కలో వేసుకోవాలి. బెంగళూరుకి రాయచోటి, మదనపల్లె, చింతామణి దారి. గువ్వలచెరువు ఘాట్ మలుపుల్లో కడుపు తిప్పే పిల్లలుంటే ముందే మాత్ర వేయండి, పాలకోవా తిరుగు ప్రయాణంలో కొనుక్కోవచ్చు. బాలికైతే బెంగళూరు, శ్రీలంకకైతే చెన్నై, థాయ్‌లాండ్, దుబాయ్‌లకి ఏ విమానం మనిషి నిద్రపోయే టైముని తక్కువ చెడగొడుతుందో అది. రాజంపేట, కోడూరు వాళ్ళకి చెన్నైయే దగ్గర, రాయచోటి వాళ్ళకి బెంగళూరు.

ఏ ఎయిర్‌పోర్ట్ అయినా రెండు జాగ్రత్తలు. అంతర్జాతీయ విమానాలు చాలావరకు అర్ధరాత్రి తర్వాత లేస్తాయి. టికెట్ మీద 14వ తేదీ 00:40 అని ఉంటే ఇంటి నుంచి 13న మధ్యాహ్నం భోంచేసి బయల్దేరాలి, 14న కాదు. ఈ తేదీ తికమకతో విమానం తప్పిపోయేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తిరుగు విమానం రాత్రి ఒంటిగంటకో రెండింటికో దిగితే, పగలంతా బండి నడిపిన డ్రైవర్‌తో ఆ వేళ హైవే ఎక్కకండి. ఎయిర్‌పోర్ట్ దగ్గర చిన్న హోటల్‌లో తెల్లవారేదాకా పడుకోండి, లేదా పగలు నిద్రపోయిన డ్రైవర్‌ని పిలిపించుకోండి.

## ఎవరు బుక్ చేయాలి?

పెళ్ళివారి గ్రూప్ టికెట్. పది మంది దాటితే ఎయిర్‌లైన్స్ గ్రూప్ బుకింగ్ ఇస్తాయి. ధర తక్కువని అందరూ అనుకుంటారు, ఎప్పుడూ అలా ఉండదు, కొన్నిసార్లు విడిగా తీసిందే చౌక. దీని లాభం వేరు. ధర ఒక చోట ఆగి ఉంటుంది, అందరూ ఒకే విమానంలో ఉంటారు, దిగాక ఒకే బస్సు, పెద్దమ్మకి ఇమిగ్రేషన్‌లో ఏం అడుగుతున్నారో అర్థం కాకపోతే పక్కన పది మంది ఉంటారు. నష్టం ఏంటంటే మీ ఇష్టమొచ్చిన రోజు వెనక్కి రాలేరు, రద్దు చేస్తే తిరిగొచ్చేది కొంచెమే, ఒక్క మనిషి తేదీ మార్చాలన్నా తల ప్రాణం తోకకొస్తుంది. పెళ్ళి చూసి వెంటనే తిరిగొచ్చేసేవాళ్ళకి, మొదటిసారి విమానం ఎక్కే పెద్దవాళ్ళకి కళ్ళు మూసుకుని ఇదే.

మన ఊరి ట్రావెల్స్. టికెట్, వీసా, హోటల్ కలిపి చేసిపెడతారు. దుబాయ్ వీసాకి చాలామందికి ఇదే సులువు. తేడా వస్తే వెళ్ళి కూర్చుని అడగడానికి ఒక కొట్టు, ఒక మనిషి ఉంటారు, అది చిన్న విషయం కాదు. కాకపోతే విదేశీ టూర్ ప్యాకేజీగా అమ్మితే బిల్లు మీద టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. పాన్ కార్డు ఇస్తే అది మీ పేరు మీద జమ అవుతుంది, ఆదాయపు పన్ను రిటర్న్ వేసి తిరిగి తీసుకోవచ్చు, కానీ అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు. ఒట్టి విమానం టికెట్ ఒక్కటే తీయించుకుంటే అది ప్యాకేజీ లెక్కలోకి రాదు. బేరం ఆడే ముందు మూడు అడగండి: చెక్-ఇన్ బ్యాగు ఎన్ని కిలోలు, తేదీ మారిస్తే ఎంత, రద్దు చేస్తే ఎంత తిరిగొస్తుంది. జవాబు నోటితో కాదు, వాట్సాప్‌లో రాసి పంపమనండి.

సొంతంగా. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేసే పిల్లలు ఇంట్లో ఉంటే ఎలాగూ వాళ్ళే చేస్తారు. ఒక చిన్న కిటుకు: ఆరుగురికి ఒకేసారి వెతికితే ఆ ఆరు సీట్లూ ఒకే ధరలో దొరకాలి కాబట్టి సైట్ అందరికీ పై ధర చూపించొచ్చు. ఒక్కరికి వెతికి చూసి, తేడా పెద్దదైతే ఇద్దరిద్దరుగా తీయండి. పెద్దవాళ్ళని మాత్రం విడగొట్టకండి, వాళ్ళ పీఎన్ఆర్‌లో చదువుకున్న మనిషి ఒకరుండాలి. సింగపూర్ మీదుగా రెండు వేర్వేరు టికెట్లు కలిపి చౌక చేద్దామని చూడకండి. అక్కడ బ్యాగు బయటికి తీసి మళ్ళీ వేయాలంటే సింగపూర్ వీసా కావాలి.

ఎవరు చేసినా పెద్దవాళ్ళకి వీల్‌చైర్ బుకింగ్ అప్పుడే అడగండి, ఎయిర్‌లైన్స్ మామూలుగా దానికి డబ్బు తీసుకోవు. "మా నాయన నడవగలడు, వీల్‌చైర్ ఎందుకు" అనేవాళ్ళు బెంగళూరు టెర్మినల్ 2లో గేటు దాకా ఒకసారి నడిచి చూడాలి. శాకాహారులు భోజనంలో ఏషియన్ వెజిటేరియన్ మీల్ అని పెట్టించుకోవాలి. హిందూ మీల్ అని ఉంటుంది చూడండి, అందులో కోడికూర రావచ్చు!

## రిసార్ట్‌లోనా, పక్క హోటల్‌లోనా?

గది పెళ్ళివారు ఇస్తుంటే రిసార్టే, ఇందులో వాదన లేదు. మీరే పెట్టుకోవాలంటే అప్పుడు చూడాలి. పక్క హోటల్ సగం ధరకి దొరకొచ్చు, కానీ హల్దీకి ఒక చీర, సంగీత్‌కి ఒకటి, ముహూర్తానికి పట్టుచీర, ఇలా మార్చుకోవడానికి రోజుకి మూడు సార్లు గదికి పోవాలి. బాలిలో నుసా దువా, ఉలువాటు లాంటి చోట్ల పక్క హోటల్ అంటే ట్యాక్సీ దూరం. తెల్లవారుజామున ముహూర్తమైతే ట్యాక్సీ కోసం చీర కుచ్చిళ్ళు పట్టుకుని గేటు దగ్గర నిలబడాలి. ఆడవాళ్ళు ముగ్గురు నలుగురు ఉన్న కుటుంబానికి రిసార్ట్, కుర్రాళ్ళకి పక్క హోటల్. పెళ్ళి తర్వాత ఊరు చూడ్డానికి ఉండేవాళ్ళు మాత్రం మిగతా రాత్రులకి మారిపోండి. ఒక మాట అడిగి పెట్టుకోండి: మీ విమానం పొద్దున్నే దిగితే గది మధ్యాహ్నం రెండు, మూడింటికి గానీ ఇవ్వరు. ముందే గది ఇప్పించగలరా అని పెళ్ళివారిని అడిగితే చాలావరకు కుదురుతుంది.

## డబ్బు

ఫోన్‌పే అలవాటుతో జేబులో పైసా లేకుండా వెళ్ళేవాళ్ళు ఆగండి. శ్రీలంకలో, దుబాయ్‌లో కొన్ని చోట్ల మన యూపీఐ నడుస్తుంది, థాయ్‌లాండ్, బాలిల్లో దాన్ని నమ్ముకుని పోకూడదు. కుటుంబానికి ఒక ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ డబ్బు నింపుకునేది), కొంచెం నగదు, అత్యవసరానికి ఒక క్రెడిట్ కార్డు, ఇది నా లెక్క. మామూలు క్రెడిట్ కార్డు మీద విదేశీ ఖర్చుకి 3.5 శాతం దాకా అదనంగా పడుతుంది. థాయ్‌లాండ్ షాపులో మెషిన్ రూపాయల్లో కట్టమంటారా, అక్కడి బాత్‌లలోనా అని అడిగితే బాత్‌లే నొక్కండి, రూపాయల్లో రేటు వాళ్ళిష్టం. ఏటీఎంలో చిన్న చిన్న మొత్తాలు తీయకండి, థాయ్‌లాండ్‌లో ఒక్కో సారికి 200 బాత్‌లకు పైగా కోస్తారు. విదేశీ నోట్లు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ దాకా, మన నోట్లు 25,000 రూపాయల దాకా పట్టుకెళ్ళొచ్చు. చదివింపులు కవరులో పెట్టి అక్కడికి మోసుకెళ్ళడం దేనికి, వధూవరుల ఖాతాకి ఇక్కడి నుంచే పంపండి.

ఇన్సూరెన్స్ కుర్రాళ్ళు వద్దనుకుంటే వాళ్ళిష్టం, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళకి తప్పనిసరిగా తీయండి. ఉన్న జబ్బులు దాచకుండా రాయండి, దాస్తే క్లెయిమ్ రాదు.

## పెట్టెలో ఏం పెట్టాలి, ఏం తీసేయాలి

బంగారం సంగతి మొదట. ప్రొద్దుటూరులో చేయించిన హారం, వడ్డాణం అన్నీ వేసుకుని వెళ్ళి, వచ్చేటప్పుడు కస్టమ్స్ వాళ్ళు "ఇది అక్కడ కొన్నారా?" అంటే ఏం చూపిస్తారు? విలువైన నగలు తీసుకెళ్ళేవాళ్ళు వెళ్ళే రోజే ఎయిర్‌పోర్ట్‌లో కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోవాలి. బిల్లులు, ఫోటోలు ఉంటే పని తొందరగా అవుతుంది, దానికి ఇంకో గంట ముందు చేరాలి. అంత తలనొప్పి ఎందుకనుకుంటే ఒంటి మీద రోజూ ఉండేవి ఉంచుకుని మిగతాదానికి వన్ గ్రాము సెట్లు పెట్టండి. ఫోటోలో ఎవరికీ తేడా తెలీదు, నేను ఎప్పుడూ దీనికే ఓటేస్తా. నగలు ఏవైనా చేతి బ్యాగులోనే, చెక్-ఇన్‌లో కాదు.

తిండి. నిప్పట్లు, చెనక్కాయల పొడి, పప్పుల పొడి ప్యాక్ చేయించి చెక్-ఇన్‌లో వేసుకోవచ్చు. నూనె కారే ఊరగాయ, నెయ్యి చేతి బ్యాగులో వద్దు. ఎండుకొబ్బరి విమానంలో ఒప్పుకోరు. దుబాయ్ పెళ్ళికైతే గసగసాలు ఒక్క చెంచా కూడా వద్దు, అక్కడ అది మత్తుపదార్థాల చట్టం కిందికి వస్తుంది. మసాలా పొడిలో కలిసి ఉన్నా సరే, ఇంట్లో పొడి కొట్టే అత్తకి ముందే చెప్పండి. తమలపాకులు, పాన్ కూడా అక్కడ నిషేధం. తాంబూలం సంగతి పెళ్ళివారు చూసుకుంటారు. మాత్రలు డాక్టరు చీటీతో, అసలు స్ట్రిప్పుల్లోనే. ట్రమడాల్, కొడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు దుబాయ్‌కి అనుమతి లేకుండా తీసుకెళ్ళకూడదు. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులో మాత్రమే.

చెక్-ఇన్ బరువు ఒక టికెట్‌కి 15 కిలోలు, ఇంకోదానికి 30 కూడా ఉంటుంది. రెండు టికెట్లు పోల్చేటప్పుడు ధర పక్కన కిలోలు రాసుకోండి. ధర్మవరం చీరలు మూడు, జాకెట్లు, పిల్లల లంగాలు కలిపితే 15 కిలోలు చాలకపోవచ్చు, ఎయిర్‌పోర్ట్‌లో అదనపు కిలోలకి కట్టేది ఆ చౌక టికెట్ లాభాన్ని మింగేస్తుంది.

## మీరు వీళ్ళలో ఎవరు?

అరవై దాటిన దంపతులు, పిల్లలు తోడు రావడం లేదు: గ్రూప్ టికెట్, నేరు విమానం, రిసార్ట్. నేరు విమానం లేకపోతే, గుంపులో నమ్మకమైనవాళ్ళు ఎవరూ లేకపోతే, వెళ్ళకపోయినా తప్పు లేదు.

స్కూలు పిల్లలున్న కుటుంబం: థాయ్‌లాండ్, శ్రీలంక అయితే పెళ్ళికి ఇంకో రెండు రోజులు కలిపేసి సెలవుగా మార్చుకోండి, టికెట్ డబ్బు ఎలాగూ పెట్టారు. అమ్మానాన్నల్లో ఒక్కరే పిల్లల్ని తీసుకెళ్తుంటే రెండోవాళ్ళ సమ్మతి పత్రం సంతకంతో దగ్గర పెట్టుకోండి.

కుర్రాళ్ళు: ఏ దారైనా మీరు బతికేస్తారు. ముహూర్తానికి మాత్రం లేవండి. థాయ్‌లాండ్‌లో వేప్‌లు నిషేధం, జేబులో పెట్టుకుపోవద్దు.

కువైట్‌లో ఉన్న కడప బంధువులు: ఊరికొచ్చి అందరితో కలిసి వెళ్ళాలనుకోకుండా అక్కడి నుంచే వెళ్ళడం ఖర్చు తగ్గించొచ్చు. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్ళకి 2025 జూలై 1 నుంచి యజమాని ఒప్పుకుంటేనే ఎగ్జిట్ పర్మిట్ వస్తుంది, సెలవు మాట్లాడేటప్పుడే దీని గురించీ మాట్లాడండి.

ఇక దూరపు చుట్టాలు, ఆఫీసు స్నేహితులు. ఇలాంటి పెళ్ళిళ్ళకి చాలావరకు ఊరొచ్చాక కర్నూల్లోనో అనంతపురంలోనో రిసెప్షన్ పెడతారు. పిలుపు అందుకోగానే అది ఉందో లేదో కనుక్కోండి. ఉంటే అక్కడికే వెళ్ళి కడుపునిండా తిని రండి. రావట్లేదన్న మాట మాత్రం పెళ్ళివారు రిసార్ట్‌కి గదుల లెక్క ఇచ్చే తేదీకి ముందే చెప్పేయండి, "చూద్దాంలే" అని నాన్చకండి, ఆ ఖాళీ గదికి వాళ్ళు డాలర్లలో కట్టాలి.